ఉతకని జెర్సీ

లాండ్రీ వెనక గదిలో, బాయిలర్ పక్క గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒక్కటంటే ఒక్క పసుపుపచ్చ జెర్సీ వేలాడుతూ ఉంటుంది. మ్యాచ్ అయిన మర్నాడే మిగతా జట్టు బట్టలన్నీ ఉతికి, ఆరి, మడతలు పడి ట్రంకుపెట్టెలోకి చేరిపోతాయి. ఇది మాత్రం చేరదు. జాతీయ ఫుట్‌బాల్ కప్పు పోటీలో గెలుస్తున్నంత కాలం గోల్‌కీపరు జెర్సీ నీళ్ళు చూడకూడదని ఆ క్లబ్బులో తాతలనాటి కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కాదని ఉతికే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఓడిన మర్నాడే దానికి స్నానం. లాండ్రీ వెనక తీగ మీద పసుపుపచ్చ జెర్సీ కనిపించిందంటే, ఈ ఏటికి మన ముచ్చట తీరిందని ఊరందరికీ తెలిసిపోయేది.

ఏళ్ళ తరబడి అది మొదటి రౌండు అవగానే తీగెక్కేది. మురికి పట్టేంత తీరిక కూడా దానికి దొరికేది కాదు. ఆ పోటీ సంగతే అంత. దేశంలో ఉన్న ప్రతి క్లబ్బూ, చిన్నదైనా పెద్దదైనా, పేరు ఇచ్చుకోవచ్చు. చీట్లు తీసి ఎవరికి ఎవరు ఎదురో చెబుతారు. గెలిస్తే పై రౌండు, ఓడితే ఇల్లు. ఈ జట్టు ఎప్పుడూ ఇంటికే. ఈ ఏడు మాత్రం ఏం పుట్టిందో, చలికాలం దాటినా జెర్సీ మేకు మీదే ఉంది. మోచేతి దగ్గర పచ్చగడ్డి గీత మొదటి రౌండుది. ఛాతీ మీద ఎర్రమట్టి ఇటుకబట్టీల ఊళ్ళో అంటింది. భుజం మీద నీలం మరక ఆ తరవాతి రౌండుది. అక్కడ గోలు వెనక కంచెకు అప్పుడే రంగు వేశారట. ఆఖరి క్షణంలో బంతిని బయటికి నెట్టి కీపరు వెళ్ళి దానికి గుద్దుకున్నాడు. ఇక కంపు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ గదిలోకి వెళ్ళిన ఇస్త్రీ మనిషి ఊపిరి బిగబట్టి వెళ్ళి, బయటికొచ్చి వదిలేవాడు.

లాండ్రీ నడిపే ఆవిడను ఆటగాళ్ళందరూ అక్కా అంటారు. మనమూ అలాగే అందాం. అక్క కూడా ఆ జెర్సీని రోజూ తిట్టుకుంటూనే ఉండేది. కానీ పొద్దున్నే పైవాటాలోని ఇంట్లోంచి దిగి, తాళం తీసి లోపలికి రాగానే ముందు చూసేది దాన్నే. ఉందిలే అనుకుని, తరవాత బాయిలర్ వెలిగించేది. ఆ జెర్సీ తొడుక్కునేది ఆవిడ సొంత అన్నయ్య. గోడలు కట్టే తాపీమేస్త్రి. మైదానంలో జనం అతన్ని తలుపు అంటారు. వేసి ఉన్న తలుపు అన్నమాట, లోపలికి ఏదీ రానివ్వదని. జట్టుకు కోచ్ ఆవిడ భర్త. పగలు బస్సు నడుపుతాడు, సాయంత్రం జట్టును నడుపుతాడు. మేస్త్రీ, కోచూ ఒక ఈడువాళ్ళు, చిన్నప్పుడు ఒకే సందులో బంతి తన్నినవాళ్ళు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోలేక ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

ఈసారి చీటీలో రాజధానిలోని పెద్ద క్లబ్బు పేరు వచ్చింది. పైగా ఆట ఇక్కడే, ఈ ఊరి మైదానంలోనే. ఊరికి కాళ్ళు నేల మీద ఆనలేదు. టీవీలో చూపిస్తారట. అందుకని ఆట మధ్యాహ్నం కాకుండా సాయంత్రం పెడతారట. లారీల మీద పెద్ద దీపాలు తెస్తారట. ఈ వార్త చెప్పిన రోజున మేస్త్రి మాత్రం ఏ గంటకు మొదలవుతుందని అడిగాడు. చెప్పారు. అంటే అయ్యేసరికి చీకటి పడుతుందన్నమాట, అన్నాడు. దీపాలు ఉంటాయిగా అని ఎవరో అంటే, అవునవును అని తల ఊపి ఊరుకున్నాడు.

ఆ వారం మొదట్లో ఒక సాయంత్రం, హోటలు నుంచి వచ్చిన దుప్పట్లు మడతపెట్టడానికి అక్కకు సాయం పట్టాడు కోచ్. పెద్ద దుప్పటి ఒక్కరి చేతికి లొంగదు. చెరో కొసా పట్టుకుని, లాగి, దులిపి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. కొసలు కలిపి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మొగుడూ పెళ్ళాల ముఖ్యమైన మాటలన్నీ ఆ దుప్పట్ల మీదుగానే నడిచాయి. కోచ్ అలవాటు ఆవిడకు బాగా తెలుసు. మంచి మాటైతే దగ్గరికొచ్చినప్పుడు చెబుతాడు. చెప్పడానికి నోరు రాని మాటైతే అవతలి కొసకు వెళ్ళాక చెబుతాడు.

ఆ రోజు అవతలి కొసకు వెళ్ళి, దుప్పటి బిగించి పట్టుకుని, “ఆ పసుపు జెర్సీ ఒకసారి ఉతికి ఆరేయరాదూ?” అన్నాడు.

అక్క చేతులు ఆగిపోయాయి. “మనం ఓడిపోలేదుగా?”

“టీవీ వాళ్ళు వస్తున్నారు. అంత కంపుతో ఏం బాగుంటుంది?”

“టీవీలో కంపు కనబడదు లెండి,” అంది అక్క.

కోచ్ నీళ్ళు నమిలాడు. దగ్గరికి వచ్చాడు, కొసలు అందించాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఇంకో దుప్పటి తీశారు. అదీ అయింది. మూడో దానికి గానీ అసలు సంగతి బయటపడలేదు. క్లబ్బు సెక్రటరీ, మందుల షాపాయన, తనకు తెలిసినవాళ్ళ ద్వారా ఒక కొత్త కీపరును తెప్పించాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. తాటిచెట్టంత ఎత్తు. ఈ ఏడు కప్పులో ఇంకే జట్టుకూ ఆడలేదు కాబట్టి మన జట్టుకు ఆడవచ్చట. దేశమంతా చూసే ఆటలో ఒక తాపీమేస్త్రిని నిలబెట్టి నవ్వులపాలు కాలేమని సెక్రటరీ పట్టుబట్టాడు. కమిటీలో మిగతావాళ్ళు తలలూపారు. కోచ్ కూడా ఊపాడు.

“అన్నయ్యకు చెప్పారా?”

“అదే... జెర్సీ ఉతికి తీగ మీద వేస్తే, రోజూ వస్తాడుగా, చూసి తనే తెలుసుకుంటాడని...”

అక్క చేతిలోని దుప్పటి కొస వదిలేసింది. అంత సేపూ శ్రమపడి మడిచింది కాస్తా నేల మీద కుప్పగా పడింది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్యను పక్కన పెట్టినందుకు సగం. ఆ మాట చెప్పడానికి తన చేతులనూ తన సబ్బునూ వాడుకోవాలని చూసినందుకు మిగతా సగం. అయినా గొంతు పెంచలేదు. దుప్పటి తీసి, దులిపి, మళ్ళీ ఉతకాల్సిన బుట్టలో వేసింది. “మీ మాట మీరే చెప్పుకోండి. నా తీగ మీద ఆరేయడానికి అదేమన్నా బట్టా?” అంది.

ఆ రాత్రి కోచ్ అన్నం కెలికి లేచాడు. మర్నాడు బస్సు తీయడానికి ఎప్పటికన్నా ముందే వెళ్ళిపోయాడు.

మేస్త్రి పనిలోంచి దిగి తిన్నగా లాండ్రీకే వస్తాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, గోలు వదిలిపెట్టి మండపంలోకి ఎలా వెళ్ళను అంటాడు. వచ్చి కౌంటరు చివర, సున్నం పూతలు అంటిన ప్యాంటుతో, ఉతికిన బట్టలకు తగలకుండా ఒద్దికగా కూర్చుంటాడు. టీ తాగుతాడు. ఆ వారం మామూలుకన్నా ఎక్కువ సేపు కూర్చున్నాడు. బావ ఇంకా రాలేదా అని అడిగేవాడు. బావ మాత్రం డిపోలో పనుందని కబురు పంపించేవాడు. బస్సులు పడుకున్నాక కూడా డిపోలో ఉండే పనేమిటో అక్కకు తెలుసు. ముఖం చాటేసే పని.

అన్నయ్య మొహంలోకి చూడడానికే ఆవిడకు మనసొప్పేది కాదు. ఈయనకు ఏమీ తెలియదు, పాపం అనుకునేది. ఆయన రాబోయే ఆట గురించి నాలుగు మాటలు అంటే, అవునన్నయ్యా, కాదన్నయ్యా అని కాలర్లకు గంజి పెట్టడంలో మునిగిపోయేది.

ఒక సాయంత్రం ఆయన కీపరు గ్లవ్స్ తెచ్చాడు. బొటనవేలు దగ్గర కుట్టు ఊడింది. అక్క సూదీ దారం ఇచ్చింది. ఆయన గ్లవ్స్ ఆయనే కుట్టుకుంటాడు. ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. సూది పట్టుకుని, దీపం వైపు తిరిగి, కాసేపు దారంతో తంటాలు పడి, “నువ్వే కుట్టమ్మా. ఇవాళ చేతులు వణుకుతున్నాయి, రాయి మోసి మోసి,” అన్నాడు. అక్క కుట్టింది. చేతులు వణుకుతున్నట్టు ఆవిడకు కనిపించలేదు. టీ గ్లాసు నిమ్మళంగానే పట్టుకున్నాడు. అంతలో గుమ్మంలో ఎవరో నిలబడితే, “ఎవరమ్మా, బావేనా?” అన్నాడు. వచ్చింది ఆసుపత్రి నర్సు, తెల్ల కోట్ల మూట చంకన పెట్టుకుని. బావకూ ఆవిడకూ పోలికేమిటన్నయ్యా అని అక్క నవ్వింది. ఆయనా నవ్వాడు. బావ కోసం ఎంతగా కాచుకుని ఉన్నాడో అనుకుని ఆవిడ గుండె చివుక్కుమంది.

ఆ రోజు కోచ్ ఇంటికి రాగానే అక్క మేకు మీది జెర్సీ తీసి ఆయన చేతిలో పెట్టింది. “సబ్బు అరలో ఉంది. తొట్టి పెరట్లో ఉంది. చేతులు మీకూ ఉన్నాయి. ఉతికితే మీరే ఉతకండి, చెబితే మీరే చెప్పండి. రెండిట్లో ఏదీ నా వల్ల కాదు,” అంది.

“నువ్వు చెబితే నొచ్చుకోడే.”

“నేను చెబితే ఎందుకని అడగడు. చెల్లెలు కదా అని మింగేస్తాడు. మీరు చెబితే అడుగుతాడు. మీకు భయం అందుకే.”

కోచ్ జెర్సీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ అన్నది నిజమని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆయనకు సెలవు. మధ్యాహ్నం అక్క ముందు గదిలో చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే పెరట్లో పంపు చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూసింది. కోచ్ తొట్టి నింపాడు. సబ్బుపొడి గుప్పెడు చాలినచోట డబ్బాలో సగం పోశాడు. తొట్టిలో నురగ పాలపొంగులా పైకొచ్చింది. ఆయన పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, స్టూలు వేసుకుని కూర్చుని, జెర్సీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎర్రమట్టి మరకను గోటితో గీకి చూశాడు. నీలం మరక మీద బొటనవేలు ఆనించి చాలా సేపు అలాగే ఉండిపోయాడు. తరవాత ఒక చెయ్యి నీళ్ళలో ముంచాడు. తన చెయ్యి కాదు, జెర్సీది.

సరిగ్గా అప్పుడే పెరటి గేటు తీసుకుని మేస్త్రి వచ్చాడు. ఆ రోజు పని త్వరగా అయిందట.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోచ్ లేవబోయి, లేవలేక, తడి చెయ్యి కారుతున్న జెర్సీతో అలాగే కూర్చున్నాడు. వెన్న దొంగిలిస్తూ పట్టుబడ్డ పిల్లాడి మొహంలా అయింది ఆయన మొహం. అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. బయటికి మాత్రం వెళ్ళలేదు.

మేస్త్రి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. “అంత సబ్బా బావా? ఊరంతటి బట్టలూ ఉతకొచ్చు,” అన్నాడు.

“బావా, నీకు ఒక మాట...”

“తెలుసు. మందుల షాపులో దగ్గు మందుకు వెళ్ళినవాడికి కూడా చెబుతున్నారు. ఊళ్ళో తెలియనిది ఎవరికి? నీ నోటితో వినాలని రోజూ వచ్చి కూర్చుంటున్నాను.”

అక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమీ తెలియదనుకున్న అన్నయ్య అన్నీ తెలిసే తన ఎదుట టీ తాగాడన్నమాట.

కోచ్ చివరికి చెప్పాడు. తల ఎత్తి, మొహంలోకి చూసే చెప్పాడు. “ఈ ఆటకు నిన్ను దింపడం లేదు బావా. కొత్తవాణ్ణి దింపుతున్నాం.”

“ఎందుకు?” అన్నాడు మేస్త్రి.

కోపంగా అనలేదు. దెబ్బ పడబోతుందని తెలిసి ఒళ్ళు బిగించుకున్నవాడిలా, కదలకుండా, రెప్ప వేయకుండా అడిగాడు. నురగ బుడగలు చిట్లుతున్న చప్పుడు అక్కకు కిటికీ దాకా వినిపించింది.

కోచ్ నోరు తెరిచాడు. టీవీ సంగతి ఎత్తబోయాడు. అది కారణం కాదని తనకే తోచింది. సెక్రటరీ మాట అనబోయాడు. అదీ కారణం కాదు. వచ్చినవాడు ఎత్తరి అనబోయాడు. నిన్నటి దాకా ఆ ఎత్తు లేకుండానే గెలిచారు. తీగ మీద జెర్సీ ఆరేస్తే కారణంతో పనిలేదు. తీగను ఎవరూ ఎందుకని అడగరు. నోటితో చెప్పాలంటే మాత్రం కారణం కావాలి. వెతికితే ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

“ఏమీ లేదు బావా,” అన్నాడు చివరికి.

మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలాడు. జెర్సీ అందుకుని, తడిసిన చెయ్యి మెల్లిగా పిండి, లోపలికి తెచ్చి మేకుకు తగిలించాడు. అక్క తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఒక చెయ్యి తడిసిన సంగతి ఊళ్ళో తెలిస్తే కొంప మునుగుతుందని, ఆవిడ దానికి ఇస్త్రీ వేడి చూపించి ఆరబెట్టింది. ఆ వాసన కొన్ని రోజుల పాటు గదిని వదల్లేదు.

ఆట నాటికి కోచ్ ఏం నిర్ణయించాడో ఇంట్లో చెప్పలేదు. అక్కా అడగలేదు. ట్రంకుపెట్టె సర్దేటప్పుడు పసుపు జెర్సీతో పాటు కొత్తవాడి ఆకుపచ్చ జెర్సీ కూడా పెట్టమన్నాడు. రెండూ పెట్టింది. ఏది ఎవరి ఒంటి మీద ఉంటుందో, ఏది బెంచీ మీద ఉంటుందో మైదానంలోనే చూడాలి.

మైదానం చుట్టూ మనుషులు గోడల్లా నిలబడ్డారు. చుట్టుపక్కల ఇళ్ళ కప్పులూ మేడలూ నిండిపోయాయి. లారీల మీద దీపాలు ఇంకా వెలగలేదు, ఎండ మిగిలి ఉంది. రాజధాని జట్టు బస్సు అద్దంలా మెరుస్తోంది. కోచ్ తన రూటు బస్సును దాని పక్కనే ఆపి వచ్చాడు. మనమూ తక్కువేం కాదని చూపడానికని అక్కకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. అక్క గోలు పక్కన, కంచె దగ్గర నిలబడి, ఆటగాళ్ళు బయటికొచ్చే తలుపు వైపే కళ్ళప్పగించింది. ముందు కెప్టెన్ వచ్చాడు. వెనకే పసుపుపచ్చ వచ్చింది.

జనం తలుపూ తలుపూ అని అరిచారు. మందుల షాపాయన వరసలో కూర్చున్నవాళ్ళు మాత్రం అరవలేదు. ఆకుపచ్చ జెర్సీవాడు మర్యాదగా వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు. కోచ్ ఎవరి వైపూ చూడకుండా చేతులు వెనక్కి కట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. ఆ వీపును చూసి అక్కకు పెళ్ళినాటి గర్వం మళ్ళీ కలిగింది.

మొదటి సగంలో మేస్త్రి నిజంగానే తలుపు. ఎడమకు దూకి ఒకటి ఆపాడు. కాళ్ళ మధ్య పడి ఒకటి లాక్కున్నాడు. పైకెగిరి వేలి కొసలతో ఒకటి గోలు పైకర్ర మీదుగా దాటించాడు. రాజధాని జట్టు ముందువరస ఆటగాడు నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరీయన అన్నట్టు చూశాడు. మనవాళ్ళూ రెండుసార్లు అవతలి గోలు దాకా వెళ్ళి వచ్చారు. విరామానికి ఎవరికీ గోలు లేదు.

రెండో సగంలో ఎండ పూర్తిగా పోయింది, దీపాలు వెలిగాయి. గడ్డి కొత్త రంగు వేసినట్టు మెరిసింది. దీపాల వెనకున్న ఆకాశం మాత్రం నల్లగా ఉంది. మేస్త్రి ఈసారి అక్క నిలబడ్డ వైపు గోల్లోకి వచ్చాడు. ఎందుకో మాటిమాటికీ నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. తన ముందున్న మనవాళ్ళను గట్టిగా కేకేసి ఎవరెక్కడున్నారో అడుగుతున్నాడు.

చాలా సేపు ఏమీ జరగలేదు. తరవాత రాజధాని జట్టులో ఒకడు మైదానం మధ్యలోంచి బంతిని ఊరికే అలా లేపాడు. కొట్టాలని కొట్టింది కూడా కాదు, ఎవరికో అందిద్దామని వేసింది. బంతి దీపాల పైకి లేచి, చీకట్లోకి పోయి, మళ్ళీ వెలుగులోకి దిగింది. అంత తేలిక బంతి మేస్త్రి నిద్రలో కూడా పడతాడు. ఆయన అలాగే నిలబడ్డాడు. బంతి ఎదురుగా నేలను తాకి లేచినప్పుడు ఆయన చేతులు లేచాయి. అప్పటికే అది వేళ్ళ సందుల్లోంచి వలలోకి పోయింది.

ఒక్క గోలు. ఆ ఒక్కదానితోనే ఆట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టి పంపించారు గానీ, ఇళ్ళకు పోతూ అందరూ ఆ బంతి గురించే మాట్లాడుకున్నారు.

మర్నాడు మందుల షాపు ముందు పెద్ద సభే జరిగింది. నేను చెప్పలేదా అని సెక్రటరీ వచ్చినవాళ్ళందరికీ మాత్రలతో పాటు ఆ మాట కూడా కట్టి ఇస్తున్నాడు. బావ మీది మమకారంతో కోచ్ ఊరి పరువు తీశాడన్నాడు. అంతలో బస్సు దిగి కోచ్ అక్కడికే వచ్చాడు. కీపరును దింపింది నేను, అడగాల్సినదేదో నన్ను అడగండి, అని అందరి ముందూ అన్నాడు. నిన్నటి దాకా నీళ్ళు నమిలిన మనిషి అంత సూటిగా మాట్లాడేసరికి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేది ఏమీ లేదని కాదు. ఆయన నిలబడ్డ తీరు అలా ఉంది.

అక్కకు ఈ సంగతి ఇస్త్రీ మనిషి వచ్చి చెప్పాడు. ఆవిడ ఊఁ కొట్టి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పోయింది. మనసులో మాత్రం తొలుస్తూనే ఉంది. అన్నయ్య ఒకవేళ ఇక రాడేమో అనిపించింది.

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా మేస్త్రి వచ్చాడు. ముందు గుమ్మంలోంచి కాదు, పెరటి గేటులోంచి. కోచ్ పెరట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జెర్సీ అక్క చేతిలో ఉంది. ఓడారు కాబట్టి ఉతకాలి. కానీ పొద్దుటి నుంచీ చేతులు రాలేదు. మేస్త్రి కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బావా, మొన్న ఎందుకని అడిగాను. నువ్వు చెప్పలేకపోయావు. ఇవాళ నేను చెబుతాను,” అన్నాడు. “ఆ బంతి నాకు కనబడలేదు. పోయిన ఏటి నుంచీ అంతే. పగలు బాగానే ఉంటుంది. వెలుతురు తగ్గాక మనుషులు నీడల్లా ఉంటారు. నిన్న ఆ దీపాల్లో, అసలు బంతి ఎప్పుడు లేచిందో కూడా తెలియలేదు.”

కోచ్ స్టూలు మీద ముందుకు వంగాడు.

“ఆట సాయంత్రం అన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. నువ్వే కనిపెట్టేశావేమో, అందుకే తీసేస్తున్నావేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చి కూర్చుంది దానికే. ఆ రోజు ఎందుకని అడిగి, నీకు కళ్ళు కనబడవు బావా అంటావని నిలబడ్డాను. ఆ ఒక్క మాట నువ్వు అని ఉంటే ఈ జెర్సీ నేనే ఉతికేవాణ్ణి. ఏమీ లేదన్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క ఆట ఆడొచ్చు అనుకున్నాను.” ఆయన జెర్సీ వైపు తిరిగాడు. “ఓడింది నా వల్లే. ఆ మాట మందుల షాపులోనూ చెప్పేసి వస్తున్నాను.”

అక్కకు సూది గుర్తొచ్చింది. గుమ్మంలో నర్సును పట్టుకుని బావేనా అనడం గుర్తొచ్చింది. తను నవ్వడం గుర్తొచ్చింది. మొగుడికి నోరు లేదని కదా తను అంత మండిపడింది. అన్నయ్యకూ లేదు. తనకు కళ్ళున్నాయి, చూడలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచక జెర్సీని గుండెకు అదుముకుంది. కంపు కూడా తెలియలేదు.

కోచ్ లేచాడు. పంపు కొట్టి తొట్టి నింపాడు. “రేపు బస్సు సెలవు పెడతాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం బావా. నువ్వు ఒక్కడివీ వెళితే అంతా బాగుందన్నారని చెప్పి వచ్చేస్తావు,” అన్నాడు. మేస్త్రి నవ్వబోయి, మొహం తుడుచుకున్నాడు.

సబ్బు ఈసారి అక్కే వేసింది, గుప్పెడు. ముగ్గురూ తొట్టి చుట్టూ చేరారు. ఆవిడ జెర్సీని ముంచి, పైకెత్తి, మళ్ళీ ముంచింది. ముందు ఎర్రమట్టి దిగింది. నీళ్ళు ఇటుక రంగుకు తిరిగాయి. గడ్డి గీతను రాతి మీద వేసి రుద్దింది. అది కొంచెం మొండికేసి పోయింది. నీళ్ళు మార్చడానికి కోచ్ పంపు కొట్టాడు. మేస్త్రి బకెట్టు పట్టుకున్నాడు. ఒక చలికాలమంతా ఆ నీళ్ళతో పాటు పెరటి కాలువలోకి పోయింది. జాడించి, పిండి, భుజాలు సరిచేసి, అక్క జెర్సీని తీగ మీద వేసి రెండు క్లిప్పులు పెట్టింది. పక్క మేడ మీది ఆవిడ చూసి, చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికి బాగా మునిమాపు వేళైంది. మేస్త్రి తీగ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. కళ్ళు చిట్లించలేదు, దగ్గరికీ వెళ్ళలేదు.

“నీలం మరక పోయిందా అమ్మా?” అని అడిగాడు.

అక్క చూసింది. పోయిందని చెబితే ఆయనకు తెలిసే దారి లేదు. “లేదన్నయ్యా,” అంది. “భుజం మీద అలాగే ఉంది.”

“ఉండనీ,” అన్నాడు మేస్త్రి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటూ. “టీ పెట్టు.”